చీరల కౌంటరు దగ్గర ఇంగ్లీషు: ముందు చెవికి, తర్వాత నోటికి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదమ్మా. ఊరు చీపురుపల్లి దగ్గర, డిగ్రీ దాకా తెలుగు మీడియం, విజయనగరంలో ఒక బట్టల షోరూములో చీరల సెక్షన్‌లో కొత్తగా చేరారు. తెలుగువాళ్లు వస్తే మీకు ఏ ఇబ్బందీ లేదు. ఎవరైనా ఇంగ్లీషులో మొదలుపెడితే మాత్రం టెన్షన్ వచ్చి నోరు పెగలడం లేదు, పక్క కౌంటరు అమ్మాయిని పిలుస్తున్నారు. ఫోన్లో షాపింగ్ ఇంగ్లీషు పదాల పట్టిక ఒకటి దొరికితే ‘బాస్కెట్, ట్రాలీ, బేకరీ, డెయిరీ’ అంటూ కంఠతా పడుతున్నారు. దసరా రద్దీ లోపల పనికొచ్చేటంత ఇంగ్లీషు ఎలా వస్తుందని అడిగారు.

నేను శ్రీకాకుళం జి.టి. రోడ్డులోనూ ఆ తర్వాత విజయనగరంలోనూ బట్టల షాపుల్లోనే పని చేశాను. సేల్స్‌లో చేరి, ఫ్లోర్ చూసుకునే స్థాయికి వచ్చి, ఇప్పుడు కొత్తవాళ్లకి పని నేర్పుతున్నాను. గ్రామరు పాఠం చెప్పడం నాకు చేతకాదు. కౌంటరు మీద ఏది అక్కరకొస్తుందో అది చెబుతాను.

ముందు ఆ పట్టిక పక్కన పెట్టేయండి. అందులో తప్పేమీ లేదు గానీ, అది కొనేవాళ్ల కోసం రాసింది, అదీ సూపర్‌మార్కెట్‌లో ట్రాలీ తోసుకుంటూ తిరిగేవాళ్ల కోసం. కొనే మనిషి తనకు వచ్చిన నాలుగు మాటలతో అడిగి, వేలు పెట్టి చూపించి గట్టెక్కొచ్చు. అమ్మే మనిషికి ఆ వీలు లేదు. ఎదుటివాళ్లు ఏ మాటతో అడుగుతారో మన చేతిలో ఉండదు. అందుకే మీకు మాట్లాడటం కంటే వినడం ముందు రావాలి. నేను చూసిన కొత్తవాళ్లలో ఎక్కువమంది తడబడేది జవాబు తెలియక కాదు, ప్రశ్న అందక. ప్రశ్న అందితే ‘ఎస్ మేడమ్’ అని చీర తీసి పరిచినా పని జరిగిపోతుంది.

వస్తువుల పేర్ల గురించి దిగులు పడకండి. సైజు, కలరు, బార్డరు, బ్లౌజు, డిజైను, మెటీరియల్, స్టాకు, డిస్కౌంటు, బిల్లు... ఇవన్నీ మీరు చిన్నప్పటి నుంచీ వాడుతున్నవే. చీరల దగ్గర తెలియాల్సిన కొత్త పేర్లు నిజానికి కొన్నే. కొంగుని పల్లూ అంటారు. కుచ్చిళ్లు ప్లీట్స్, కొంగు చివర కట్టే కుచ్చులు టాసెల్స్, గంజి స్టార్చ్, పన్నా విడ్త్. చీర పొడవు అడిగితే ‘ఫైవ్ అండ్ ఎ హాఫ్ మీటర్స్’, బ్లౌజు పీసుతో కలిపి అయితే ‘సిక్స్ పాయింట్ త్రీ’. ఈ పేర్లు రెండు మూడు పూటల పని.

అసలు ఇంగ్లీషులో మాట్లాడుతూ మీ దగ్గరికి వచ్చేది ఎవరో ఒకసారి గమనించండి. కోరుకొండ సైనిక్ స్కూల్లో పిల్లల్ని చేర్చిన బయటి రాష్ట్రాల తల్లిదండ్రులు, యూనివర్సిటీలో పనిచేసేవాళ్లు, రైల్వేలో బదిలీ మీద వచ్చినవాళ్లు, రాయగడ వైపు నుంచి పెళ్లి బట్టలకి వచ్చే ఒడియావాళ్లు. శ్రీకాకుళంలో అయితే పర్లాకిమిడి, బరంపురం వైపు వాళ్లు. వీళ్లలో ఎవరి ఇంట్లోనూ ఇంగ్లీషు మాట్లాడుకోరు. వాళ్లకీ అది బళ్లో నేర్చుకున్న భాషే. వాళ్లకి తెలుగు రాదు, మనకి వాళ్ల భాష రాదు కాబట్టి మధ్యలో ఇంగ్లీషు వచ్చి కూర్చుంది, అంతే. పొట్టి వాక్యాలు వాళ్లకీ సుఖమే. ఇక అమెరికా నుంచి పెళ్లిళ్లకి వచ్చే మన పిల్లల పిల్లలు ఉంటారు చూడండి, వాళ్ల ఇంగ్లీషు మాత్రం నిజంగానే అందదు. అక్కడ మొహమాటపడకుండా వాళ్ల అమ్మమ్మని మధ్యలో పెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. ప్రశ్నలో పెద్ద మాటలు మీకు వినిపిస్తాయి: కాటన్, గ్రీన్, మదర్, వెడ్డింగ్. చిక్కంతా వాటి ముందు వచ్చే చిన్న మాటలతో. ఏ బీరువా తెరవాలో చెప్పేది ఆ చిన్న మాటలే. ‘ఇన్’ వినబడితే రంగో, రకమో, సైజో అడుగుతున్నారని: ‘డు యు హావ్ దిస్ ఇన్ గ్రీన్?’, ‘ఎనీథింగ్ ఇన్ కాటన్?’, ‘ఇన్ ఎ స్మాలర్ సైజ్?’. ‘ఫర్’ వినబడితే ఎవరికి, ఏ సందర్భానికి అని: ‘ఫర్ మై మదర్’, ‘ఫర్ ఆఫీస్ వేర్’, ‘ఫర్ ఎ వెడ్డింగ్’. ‘అండర్’ అంటే ఆ ధర లోపు. ‘అండర్ టు థౌజండ్’ అన్నవాళ్ల ముందు రెండు వేల మూడు వందల చీర పరిచి ‘బాగుంటుంది చూడండి’ అంటే చిరాకు పడతారు. ‘అరౌండ్ టు థౌజండ్’ అంటే అటూ ఇటూ అని, అప్పుడు ఆ చీర ధైర్యంగా చూపించొచ్చు. ‘విత్’ అంటే ఉన్నది కావాలి, ‘వితౌట్’ అంటే లేనిది కావాలి: ‘వితౌట్ జరీ’, ‘విత్ ఎ స్మాల్ బార్డర్’. ‘వితౌట్’లో కూడా ‘విత్’ ఉంది కాబట్టి హడావిడిలో సగమే విని పెద్ద జరీ చీర తెచ్చేవాళ్లని చాలామందిని చూశాను. మొత్తం వాక్యం అర్థం కాకపోయినా ఈ ఆరు మాటల్లో ఏది వచ్చింది, దాని వెనక ఏం వచ్చింది అని పట్టుకోండి. ముప్పాతిక వంతు ప్రశ్నలు దానితోనే తేలిపోతాయి.

రెండో గుంపు, మార్పు అడిగే మాటలు. ‘ఎనీ అదర్ కలర్?’ అంటే ఇదే డిజైన్, రంగు మారాలి. ‘సమ్‌థింగ్ ఎల్స్’ అంటే ఈ రకమే వద్దు, పూర్తిగా వేరేది చూపించమని. ‘సమ్‌థింగ్ లైక్ దిస్’ అంటే ఇలాంటిదే ఇంకోటి. ‘ఎల్స్’ అన్నవాళ్లకి అదే రకంలో పది రంగులు పరిస్తే టైము దండగ, మడతలు మీకే.

‘ఫిట్’, ‘సూట్’ అనే రెండింటి దగ్గర కొంచెం ఆగండి. ‘ఇట్ డజంట్ ఫిట్’ అంటే సైజు కుదరలేదని. అదే డిజైన్‌లో ఇంకో సైజు తెస్తే సరిపోతుంది. ‘ఇట్ డజంట్ సూట్ మి’ అంటే కొలతలు బాగానే ఉన్నాయి, నాకు నప్పలేదని. అక్కడ ఎన్ని సైజులు తెచ్చినా లాభం లేదు, రంగో మోడలో మార్చాలి. చీరల్లో సైజుల గొడవేముంది అనుకోకండి, రెడీమేడ్ బ్లౌజులు, కుర్తీలు మీ పక్కనే ఉంటాయి, రద్దీ రోజుల్లో అక్కడికీ మిమ్మల్నే పంపుతారు. ‘ఇట్ డజంట్ గో విత్ దిస్’ అని కూడా అంటారు. దీనికి అది మ్యాచ్ కాలేదని అర్థం, ఎక్కడికీ వెళ్లడం లేదు.

‘టూ’ అనే మాట వింటే జాగ్రత్త. ‘టూ బ్రైట్’, ‘టూ హెవీ’, ‘టూ ఎక్స్‌పెన్సివ్’... దాని వెనక ఏది వస్తే అది వద్దని చెప్పడం. ‘వెరీ బ్రైట్’ అన్నది మెచ్చుకోలు కావచ్చు, ‘టూ బ్రైట్’ మాత్రం ఎప్పుడూ కాదు. అలాగే ‘లైటర్’ అడిగితే రెండు అర్థాలు ఉంటాయి: లేత రంగు కావాలేమో, బరువు తక్కువ చీర కావాలేమో. ఊహించుకుని పరిగెత్తకండి. ‘లైటర్ ఇన్ కలర్, ఆర్ ఇన్ వెయిట్?’ అని అడగండి. ఇలా తిరిగి అడిగితే మనకి ఇంగ్లీషు రాదనుకుంటారని భయపడతారు గానీ, పని తెలిసిన మనిషి అనుకుంటారు.

కొన్ని మాటలు పైకి ఒకటి, లోపల ఒకటి. ‘ఐయామ్ జస్ట్ లుకింగ్’ అంటే కాసేపు నన్ను వదిలెయ్యమ్మా అని. వెంటపడకుండా రెండడుగులు దూరంగా నిలబడాలి. ‘ఇట్స్ ఎ బిట్ మచ్’ అంటే ధర ఎక్కువైందని. ‘ఐ విల్ థింక్ అబౌట్ ఇట్’ అంటే దాదాపుగా కొననని. అప్పుడు బతిమాలకండి, ‘షూర్ మేడమ్’ అని నవ్వి, అదే రకంలో ధర తక్కువది ఒకటి మాట్లాడకుండా పక్కన పరవండి. మన ఊరి వాళ్లయితే ‘ఏటమ్మా ఇంత రేటు సెప్తన్నావు’ అని మొహం మీదే అనేస్తారు, మనకీ హాయి. ఇంగ్లీషులో మాట్లాడేవాళ్లు అంత తొందరగా బయటపడరు.

అవును, కాదు అన్న చోట తెలుగు మనల్ని ఇరికిస్తుంది. ఇది ఎవరూ నేర్పరు. కస్టమరు ‘యు డోంట్ హావ్ దిస్ ఇన్ బ్లూ?’ అన్నారనుకోండి. నీలం లేదు. తెలుగులో ‘ఇది నీలంలో లేదా?’ అంటే మనం ‘అవునండీ, లేదు’ అంటాం. ఆ అలవాటుతో ‘ఎస్’ అంటే ఇంగ్లీషులో వినేవాళ్లకి ఉందేమో అనిపిస్తుంది. వాళ్లు ఎదురుచూస్తూ నిలబడతారు, మీరు కదలరు. ప్రశ్న ఎలా అడిగినా సరే, వస్తువు ఉంటే ‘ఎస్, వి డు’, లేకపోతే ‘నో, వి డోంట్’. వాళ్ల ప్రశ్నకి కాదు, బీరువాలో ఉన్నదానికి జవాబు చెప్పండి. ఇలాంటిదే ఇంకోటి: ‘డు యు మైండ్ ఇఫ్ ఐ ఓపెన్ దిస్?’ అంటే విప్పి చూస్తే మీకేమైనా అభ్యంతరమా అని. ఇక్కడ ‘ఎస్’ అంటే అభ్యంతరం ఉందని. ‘నాట్ ఎట్ ఆల్, ప్లీజ్’ అనాలి. అది గుర్తు రాకపోతే చెయ్యి చూపించి ‘ప్లీజ్’ ఒక్కటి అన్నా చాలు.

అంకెలు. ఇక్కడ తేడా వస్తే డబ్బుతో పని, కాబట్టి బద్ధకించకండి. ఒకటి నుంచి వంద దాకా చదవడం మీకు వచ్చు. వినడం వేరు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ, ఎయిటీన్, ఎయిటీ, థర్టీన్, థర్టీ... పదిహేను, పద్దెనిమిది, పదమూడు అయితే చివర ‘టీన్’ సాగుతుంది, ఒత్తు అక్కడే పడుతుంది. యాభై, ఎనభై, ముప్పై అయితే ఒత్తు మొదట్లో పడి చివర ‘టీ’ చటుక్కున తెగిపోతుంది. ‘హండ్రెడ్’ పక్కన ఉంటే భయం లేదు: ‘ఫిఫ్టీన్ హండ్రెడ్’ అంటే పదిహేను వందలే, ‘ఫిఫ్టీ హండ్రెడ్’ అని ఎవరూ అనరు. ‘థౌజండ్’ పక్కన ఉన్నప్పుడే ప్రమాదం. పట్టుచీరల దగ్గర ‘ఫిఫ్టీన్ థౌజండ్’కీ ‘ఫిఫ్టీ థౌజండ్’కీ ఎంత తేడానో చెప్పక్కర్లేదు. అక్కడ నోటిని నమ్ముకోకండి, కౌంటరు మీది కాలిక్యులేటర్‌లో కొట్టి చూపించండి. బాగా ఇంగ్లీషు వచ్చినవాళ్లు కూడా అదే చేస్తారు.

ధరల్ని పొట్టి చేసి పలకడం కూడా చెవికి పట్టాలి. ‘ట్వెల్వ్ ఫిఫ్టీ’ అంటే పన్నెండు వందల యాభై. ‘నైన్టీన్ నైన్టీ నైన్’ అంటే ఒక రూపాయి తక్కువ రెండు వేలు. ‘టు ఫిఫ్టీ’ అంటే మామూలుగా రెండు వందల యాభై. కుర్రకారు ‘టు పాయింట్ ఫైవ్ కే’ అంటారు, రెండు వేల అయిదు వందలు. ఇంట్లో తమ్ముడో చెల్లో ఉంటే ధరలు గబగబా చదవమని చెప్పి, మీరు చూడకుండా అంకెల్లో రాసుకోండి. ఎవరూ లేకపోతే ఫోన్‌లోని ట్రాన్స్‌లేట్ యాప్‌లో ధరలు టైపు చేసి స్పీకర్ గుర్తు నొక్కితే అదే పలుకుతుంది.

డిస్కౌంటు బోర్డు మీ షాపు బయటే వేలాడుతూ ఉంటుంది, దాన్ని సరిగ్గా చదవడం నేర్చుకోండి, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. ‘ఫ్లాట్ 30 పర్సెంట్ ఆఫ్’ అంటే ఆ వరుసలో ఉన్న అన్నిటి మీదా ముప్పై. ‘అప్ టు 50 పర్సెంట్ ఆఫ్’ అంటే ఎక్కువలో ఎక్కువ యాభై, కొన్నిటి మీద పదే ఉండొచ్చు. ఆ ‘అప్ టు’ ఎప్పుడూ చిన్న అక్షరాల్లోనే ఉంటుంది, ఎందుకో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ‘50 ప్లస్ 20’ అని ఉంటే అది డెబ్బై కాదు. రెండు వేల చీరకి ముందు సగం పోయి వెయ్యి, ఆ వెయ్యి మీద ఇరవై శాతం పోయి ఎనిమిది వందలు. అంటే తగ్గింది మొత్తం మీద అరవై శాతం. ‘సో, సెవెంటీ పర్సెంట్ ఆఫ్?’ అని అడిగినవాళ్లకి ఇలా చెప్పండి: ‘నో మేడమ్. ఫస్ట్ ఫిఫ్టీ పర్సెంట్, దెన్ ట్వంటీ పర్సెంట్ ఆన్ ద బ్యాలెన్స్.’ చెబుతూ కాలిక్యులేటర్ తిప్పి చూపిస్తే మాటామాటా పెరగదు.

పన్ను గురించి కూడా అడుగుతారు, ముఖ్యంగా అమెరికా నుంచి వచ్చినవాళ్లు. అక్కడ చాలా రాష్ట్రాల్లో ట్యాగు మీద ఒక ధర ఉంటుంది, బిల్లు దగ్గర దాని మీద పన్ను కలుపుతారు. మన దగ్గర ఎం.ఆర్.పి.లో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. ‘ఈజ్ ట్యాక్స్ ఎక్స్‌ట్రా?’ అంటే ‘నో, ఇట్స్ ఇంక్లూడెడ్’. అంతే.

ఇక నోటి సంగతి. మీరు సొంతంగా వాక్యాలు కట్టక్కర్లేదు, కొన్ని కట్టిన వాక్యాలు నోటికి అంటుకుంటే చాలు. కాకపోతే తెలుగులోంచి మాటకి మాట దించుకోకూడదు. మనం ‘ఏం కావాలమ్మా’ అంటే ఎంతో మర్యాద. అదే ‘వాట్ యు వాంట్?’ అంటే కసిరినట్టు ఉంటుంది. ‘చెప్పండి’కి ‘టెల్ మి’ కూడా అంతే. ‘హౌ కెన్ ఐ హెల్ప్ యు, మేడమ్?’ లేదా ‘వాట్ ఆర్ యు లుకింగ్ ఫర్?’ అనండి. ఒక్క క్షణం ఉండమనడానికి ‘వెయిట్, వెయిట్’ వద్దు, ‘వన్ మినిట్, ప్లీజ్’ అనండి. స్టాకు ఉందో లేదో తెలియకపోతే ‘లెట్ మి చెక్’. లేకపోతే ‘నో స్టాక్’ అని తలుపు వేసినట్టు అనకండి. ‘సారీ మేడమ్, వి డోంట్ హావ్ దట్ కలర్. షల్ ఐ షో యు సమ్‌థింగ్ సిమిలర్?’ ఈ రెండో వాక్యమే మీ సేల్స్‌ని నిలబెడుతుంది, దీన్ని అన్నిటికంటే ముందు పట్టుకోండి. బేరం ఆడితే ‘ఇట్స్ ఎ ఫిక్స్‌డ్ ప్రైస్, మేడమ్’ అని నవ్వుతూ చెప్పండి. ‘రేటు’ మన మాటల్లో బాగానే ఉంటుంది గానీ, ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ‘ప్రైస్’ అనడం అలవాటు చేసుకోండి. ఇంకోటి, ‘కమ్ కమ్, సీ సీ’ అని జంటగా అనడం మానేయండి. మనకి అది ఆప్యాయత, బయటివాళ్లకి తొందరపెట్టినట్టు ఉంటుంది.

మనం ఇంగ్లీషే అనుకుని వాడే కొన్ని మాటలు బయటివాళ్ల దగ్గర వేరే అర్థానికి పోతాయి. మన జాకెట్టు అంటే బ్లౌజు. బయటివాళ్లకి జాకెట్ అంటే చలికోటు. ‘మ్యాచింగ్ జాకెట్’ అంటే తెల్లమొహం వేస్తారు, బ్లౌజ్ అనండి. ‘కవర్’ అంటే వాళ్లకి దుప్పటి లాంటిదో దిండు గలీబు లాంటిదో తోస్తుంది, బ్యాగ్ అనండి. ‘బిట్’ బదులు పీస్ అనండి. మనం డ్రెస్ అనే చుడీదార్ సెట్‌ని ఉత్తరాది ఆడవాళ్లు సూట్ అంటారు. కాబట్టి ఒక ఆవిడ వచ్చి ‘వేర్ ఆర్ ద సూట్స్?’ అంటే పై అంతస్తులో మగవాళ్ల కోట్ల దగ్గరికి పంపకండి. ట్రయల్ రూమ్‌ని కొందరు ఫిటింగ్ రూమ్ అనో చేంజింగ్ రూమ్ అనో అడుగుతారు.

రంగుల్లో ముందుగా రావాల్సినవి రెండే, డార్క్, లైట్. ముదురు, లేత. వీటిని ఏ రంగు ముందు తగిలించినా సగం గండం గడుస్తుంది. తర్వాత చీరల షాపులో రోజూ అవసరమయ్యేవి: నెమలికంఠం పీకాక్ బ్లూ, చిలకపచ్చ ప్యారట్ గ్రీన్, వంగపండు పర్పుల్, ఆవపిండి పసుపు మస్టర్డ్. గంధం రంగుని మనవాళ్లు శాండల్ అంటారు, కానీ బయటివాళ్లకి ఆ మాట చెప్పుల్ని గుర్తు చేస్తుంది. బీజ్ అనో క్రీమ్ అనో అంటే దగ్గరగా ఉంటుంది. ఏ పేరూ తోచకపోతే చీర తీసి ‘దిస్ షేడ్?’ అని అడగండి.

మన ప్రాంతంలో పనిచేస్తున్నారు కాబట్టి ఒకటి ప్రత్యేకంగా సిద్ధం చేసుకోండి. బయటి నుంచి వచ్చిన చదువుకున్నవాళ్లు పొందూరు ఖాదీ గురించి అడుగుతారు, మీ షాపులో ఉన్నా లేకపోయినా. ‘పొందూరు ఈజ్ ఎ స్మాల్ టౌన్ ఇన్ శ్రీకాకుళం డిస్ట్రిక్ట్. ద యార్న్ ఈజ్ స్పన్ బై హ్యాండ్. ద క్లాత్ ఈజ్ వోవెన్ బై హ్యాండ్.’ వడకడం స్పన్, నేయడం వోవెన్. ఆసక్తి చూపిస్తే ఇంకో వాక్యం: ‘దే క్లీన్ ద కాటన్ విత్ ద జాబోన్ ఆఫ్ ఎ ఫిష్.’ వాలుగ చేప దవడ ఎముకతో దూదిని శుభ్రం చేస్తారని మన జిల్లాల్లో వినని మనిషి ఉండరు, బయటివాళ్లకి మాత్రం అది వింత. ఈ వాక్యం విన్న తర్వాత కదలకుండా కూర్చుని ఇంకా ఇంకా చూపించమనే కస్టమర్లని చూశాను. సొంత ఊరి సరుకు గురించి చెప్పేటప్పుడు గొంతులో భయం తగ్గుతుంది, కాబట్టి మొదటి పెద్ద వాక్యాలుగా ఇవే నేర్చుకోమంటాను. నేత బట్టల దగ్గర ఉతుకు గురించి కూడా అడుగుతారు. ‘విల్ ద కలర్ రన్?’ అంటే రంగు దిగుతుందా అని. ‘వాష్ ఇట్ సెపరేట్లీ ద ఫస్ట్ టైమ్’ అని చెప్పండి. ‘విల్ ఇట్ ష్రింక్?’ అంటే ముడుచుకుపోతుందా అని. కొంచెం ముడిచే రకమైతే ‘ఎ లిటిల్, మేడమ్’ అని నిజమే చెప్పండి.

ప్రాక్టీసుకి విడిగా క్లాసు అక్కర్లేదు. మీ చుట్టూ పుస్తకాలే ఉన్నాయి. రెడీమేడ్ సెక్షన్‌లో ప్రతి బట్ట లోపలా కుట్టిన చిన్న లేబుల్ తీసి చదవండి: ‘హండ్రెడ్ పర్సెంట్ కాటన్’, ‘మెషీన్ వాష్ కోల్డ్’, ‘డు నాట్ బ్లీచ్’, ‘డ్రై క్లీన్ ఓన్లీ’. పొద్దున్న షాపు తెరిచాక జనం రావడానికి టైము పడుతుంది కదా, ఆ వేళలో చీరలు మడతపెడుతూ, చేతిలో ఉన్న చీర గురించి ఒక్కో వాక్యం అనండి. ‘దిస్ ఈజ్ ఎ డార్క్ గ్రీన్ కాటన్ శారీ విత్ ఎ స్మాల్ బార్డర్.’ చీర మారితే మాట మారుతుంది, వాక్యం కట్టు అదే. పైకి అనండి, లోపల అనుకున్నది నోటికి రాదు.

పక్క కౌంటరు అమ్మాయిని పిలవడం తప్పు కాదు, పిలిచి మీరు వెళ్లిపోవడం తప్పు. అక్కడే నిలబడి ఆమె ఏం విన్నది, ఏం తీసింది చూడండి. మన శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకున్నది బళ్లో కాదు, తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట్లాడుతూ నేర్చుకున్నారు. మీకు ఆ మనిషి పక్క కౌంటర్లోనే ఉంది, జీతం కూడా మీరివ్వక్కర్లేదు.

అసలేమీ అర్థం కాలేదనుకోండి, తలూపేసి నవ్వి ఊరుకోవడం అన్నిటికంటే చెడ్డ పని. ‘సారీ మేడమ్, కుడ్ యు సే దట్ అగైన్, స్లోలీ?’ అనండి. రెండోసారీ అందకపోతే రెండు చీరలు తీసి ‘దిస్ వన్, ఆర్ దట్ వన్?’ అని వాళ్ల చేత చూపించుకోండి. ఒడిశా వైపు నుంచి వచ్చినవాళ్లయితే వాళ్లకీ ఇదే సుఖం, చాలాసార్లు వాళ్లే ముందు వేలు పెట్టి చూపిస్తారు.

దసరా గడువు గురించి ఒక మాట. పండగ వారం, ఆ తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం అయ్యే వరకూ షాపులో ఊపిరి ఆడదు. ఆ రోజుల్లో కొత్తవి నేర్చుకోవాలని చూడకండి, వచ్చినంత వాడండి. అందని మాట వినబడితే బిల్లు పుస్తకం వెనక తెలుగు అక్షరాల్లోనే, వినబడినట్టు రాసి పెట్టుకోండి. కాబట్టి ఇప్పటి నుంచి అప్పటి దాకా ఈ వరుసలో పోండి: చిన్న మాటలు వినడం, అంకెలు, ‘షల్ ఐ షో యు సమ్‌థింగ్ సిమిలర్’, ఆ తర్వాతే మిగతావి.

ఎక్స్చేంజ్ గురించి కావాలనే ఏమీ రాయలేదు, అది షాపుని బట్టి మారుతుంది. మీ మేనేజరుని అడిగి ఎన్ని రోజుల్లోపు మారుస్తారు, ట్యాగు ఉండాలా, బిల్లు తప్పనిసరా, డబ్బు తిరిగి ఇస్తారా లేక వస్తువే మారుస్తారా అన్నది తెలుగులో రాసి పంపండి. దానికి సరిపోయే వాక్యాలు ఇంగ్లీషులో కట్టి ఇస్తాను. ‘వితిన్ సెవెన్ డేస్’ అనాల్సిన చోట ‘ఆఫ్టర్ సెవెన్ డేస్’ అంటే ఎనిమిదో రోజున కస్టమరు బిల్లు పట్టుకుని మీ కౌంటరు ముందుకే వస్తారు.